కొండెక్కిన అద్దెలు, కొండ దిగిన మనుషులు

నోయిడాలో మేముండే అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర కిందటి నవంబరులో ఒక చిన్న సంగతి జరిగింది. తెల్లవారుజామున అయిదు గంటల వేళ. ఎదుటి టవరు కూడా కనిపించనంత పొగమంచు. మంచు అనడం మన అలవాటు, అక్కడున్నదంతా పొగే. మా పై అంతస్తులో ఉండే తెనాలి కుర్రాడు కారు డిక్కీలో కంప్యూటరు మానిటరు, పరుపు చుట్ట, కాఫీ ఫిల్టరు, రెండు ఆవకాయ జాడీలు సర్దుతున్నాడు. “అంకుల్, ఇంక హోలీ దాకా ముక్తేశ్వర్‌లోనే. పనంతా అక్కణ్ణుంచే” అన్నాడు. గేటు తీస్తున్న సెక్యూరిటీ గార్డు ఆ ఊరి పేరు చెవిన పడగానే రిజిస్టరు మూసి దగ్గరికొచ్చాడు. అతనిది ఆ పక్కనే ఉన్న అల్మోడా జిల్లా. అక్కడ అద్దె ఎంతని అడిగాడు. నెలకు ముప్పై వేలన్నాడు కుర్రాడు. గార్డు జీతానికి అది సుమారు రెట్టింపు. అతను ఏమీ అనలేదు. కారు వెనక చక్రం కింద పెట్టిన ఇటుక తీసి పక్కన పెట్టాడు, గేటు బార్లా తెరిచాడు.

ఒకే రోడ్డు మీద ఎదురెదురుగా నడిచిన ఇద్దరు మనుషులు వీళ్ళు. ఒకరు బతుకుతెరువు కోసం కొండ దిగారు. మరొకరు ఊపిరి పీల్చుకోవడానికి కొండెక్కుతున్నారు. ఉత్తరాఖండ్ గ్రామీణాభివృద్ధి, వలసల కమిషన్ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2011 తర్వాత ఆ రాష్ట్రంలో 734 ఊళ్ళు మనుషుల్లేకుండా ఖాళీ అయ్యాయి. 2001 జనగణనకూ 2011 జనగణనకూ మధ్య దేశమంతా జనాభా పెరుగుతుంటే అల్మోడా, పౌడీ జిల్లాల్లో మాత్రం తగ్గింది. అలా తగ్గిన జనంలో ఎంతోమంది ఇక్కడ, ఢిల్లీ చుట్టుపక్కలే ఉన్నారు. గాజియాబాద్ ఇందిరాపురంలోనో, తూర్పు ఢిల్లీ వినోద్ నగర్‌లోనో గట్టిగా పిలిస్తే పది గఢ్‌వాలీ, కుమావూనీ గొంతులు పలుకుతాయి. వంటమనుషులు, డ్రైవర్లు, గార్డులు, గుమాస్తాలు. వాళ్ళ ఊళ్ళలో పనిలేదని దిగివచ్చినవాళ్ళు. ఇప్పుడు అదే ఊళ్ళకు పని వెళ్తోంది, మనిషితో పాటు బ్యాగులో పెట్టుకుని. కాకపోతే ఆ పని ఆ ఊరిది కాదు.

ఈ ప్రయాణానికి దారి వేసినవి మూడు. మొదటిది 2020 మార్చి లాక్‌డౌన్. రెండోది చాలామందికి గుర్తులేని ఒక ప్రభుత్వ ఉత్తర్వు. అంతకుముందు కాల్ సెంటర్లు, ఐటీ సేవల కంపెనీలు ఉద్యోగి చేత ఇంటి నుంచి పని చేయించాలంటే టెలికాం శాఖ దగ్గర రిజిస్ట్రేషన్లు, బ్యాంకు గ్యారంటీలు, సవాలక్ష షరతులు ఉండేవి. 2020 నవంబరు 5న ఆ శాఖ వాటిలో చాలావరకు ఎత్తేసింది. ‘ఇంటి నుంచి’ కాస్తా ‘ఎక్కడి నుంచైనా’ అయింది. మూడోది ఢిల్లీ గాలి. 2024 నవంబరు 18న రాజధానిలో రోజంతటి సగటు వాయునాణ్యత సూచీ 494కి చేరింది. ఆ కొలబద్ద 500తో ఆగిపోతుంది. కాలుష్యం ముదిరితే సగం మంది సిబ్బందిని ఇంటి నుంచే పనిచేయించాలని ప్రభుత్వమే చెప్పే రోజులివి. పసిపిల్లల చేతికి నెబ్యులైజర్ ఇచ్చి కూర్చోబెట్టే ఇంట్లో ‘ఇక కొండల్లోకి పోదాం’ అనుకోవడం విలాసం కాదు. తెనాలి కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. నాకు వయసూ ఓపికా ఉంటే నేనూ అతని పక్క సీట్లో కూర్చునేవాణ్ణి.

అయితే ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకుంటే పొరపాటు. కొండ మీద కూర్చుని మైదానం పని చేయడం ఈ దేశంలో తెల్లదొరలు మొదలుపెట్టారు. 1864లో వైస్రాయ్ జాన్ లారెన్స్ సిమ్లాను వేసవి రాజధాని చేశాడు. ఏటా ఎండలు ముదిరే వేళకు కలకత్తా నుంచి, ఆ తర్వాత ఢిల్లీ నుంచి ఫైళ్ళూ గుమాస్తాలూ వంటసామానూ అన్నీ పైకెక్కేవి. 1903లో కాల్కా-సిమ్లా రైలు వచ్చేదాకా ఆ బరువంతా ఎడ్లబండ్ల మీద, గాడిదల మీద, మనుషుల వీపుల మీద ఎక్కింది. దొర గుడారం మోయడానికి ఊరికి ఇంతమంది కూలీలని కుమావూన్‌లో రిజిస్టరు ఉండేది. కూలీ ఇవ్వని, ఇచ్చినా ఇచ్చామంటే ఇచ్చామన్నట్టుండే ఆ చాకిరీని అక్కడ ‘కూలీ బేగార్’ అన్నారు. మనం వెట్టి అంటాం. 1921 జనవరిలో, సరిగ్గా మన సంక్రాంతి రోజుల్లో, బాగేశ్వర్ ఉత్తరాయణీ తిరునాళ్ళకు చేరిన జనం ఆ రిజిస్టర్లను తెచ్చి సరయూ నదిలో విసిరేశారు. బద్రీదత్త పాండే ముందు నిలబడ్డ ఉద్యమం అది. బాగేశ్వర్ అప్పట్లో అల్మోడా జిల్లాలోదే. మా గార్డు తాతముత్తాతల్లో ఎవరో ఆ తిరునాళ్ళలో ఉండే ఉంటారు.

మరుసటి ఏడే మన మన్యంలో ఏం జరిగిందో తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. కానీ ఆ కథలో రోడ్డు సంగతి చాలామంది మరిచిపోతారు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వేస్తున్న రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చేయించుకున్న వెట్టిచాకిరీ రంపలో నిప్పు రాజేసిన కారణాల్లో ముఖ్యమైనది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డాడు. ఇప్పుడు డిసెంబరు చలిలో మంచు చూడటానికి శనివారం రాత్రి విశాఖ నుంచి బయల్దేరే కార్లు ఆ దారినే లంబసింగి చేరుతున్నాయి. కొండలో సుఖపడాలనుకునే మైదానం మనిషి బరువు ఎవరో ఒకరు మోయాలి. మోసేవాడి లెక్క ఎక్కడ రాస్తున్నాం అన్నదే ప్రశ్న. నూరేళ్ళ కిందట కనీసం రిజిస్టరైనా ఉండేది.

ఇప్పుడు మోత ఎలా ఉంటుందో చూడాలంటే హిమాచల్‌లోని బీర్ వెళ్ళాలి. పేరు వినగానే మనవాళ్ళకు ఇంకేదో గుర్తొస్తుంది గానీ, కాంగ్రా జిల్లాలో ధౌలాధార్ కొండల ఒడిలో ఉన్న పల్లె అది. ఢిల్లీలో మజ్నూ కా టీలా టిబెటన్ కాలనీ దగ్గర సాయంత్రం బస్సెక్కితే పొద్దున్నే అక్కడి టిబెటన్ కాలనీ దగ్గర దింపుతుంది. శరణార్థుల ఒక పేట నుంచి ఇంకో పేటకు రాత్రి ప్రయాణం. 1929 నుంచి నడిచిన పఠాన్‌కోట్-జోగిందర్‌నగర్ చిన్నగేజి రైలు కూడా ఈ చుట్టుపక్కల అహ్జూ స్టేషనులో ఆగేది. 2022 ఆగస్టు వరదలో చక్కీ వంతెన కూలి ఆ లైను తెగిపోయింది. బస్సు టికెట్లు అమ్మేవాళ్ళకు దానివల్ల నష్టమేమీ రాలేదు.

బీర్‌కు పైన జీపు దారిలో పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో బిల్లింగ్ ఉంది. సుమారు 2,400 మీటర్ల ఎత్తు. పారాగ్లైడింగ్ టేకాఫ్ అక్కడే. దేశంలో మొదటిసారి పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ 2015లో జరిగింది ఇక్కడే, 2024లో మళ్ళీ వచ్చింది. పొద్దెక్కి ఎండ కొండవాలు మీద పడ్డాక వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. పైలట్లు దాన్ని థర్మల్ అంటారు. ఆ గాలి తగిలేదాకా అందరూ గడ్డి మీద కూర్చుని ఆకాశం వంక చూస్తుంటారు. తగలగానే హడావుడి. రెక్కను నేల మీద పరుస్తారు, తాళ్ళు చిక్కులు తీస్తారు, ముందు కూర్చునే పర్యాటకుడికి హార్నెస్ బిగిస్తారు. తొడల దగ్గర రెండు కట్లు, ఛాతీ దగ్గర ఒకటి. వెనక పైలట్. “పరుగెత్తండి, కూర్చోవద్దు, పరుగెత్తండి” అని అరుస్తాడు. నాలుగడుగులు వేసేసరికి కాళ్ళ కింద నేల ఉండదు. పదిహేను, ఇరవై నిమిషాల్లో కింద మైదానంలో దిగుతారు. టికెట్టు రెండున్నర వేల నుంచి మూడున్నర వేల దాకా. పర్యాటకుడు సెల్ఫీ వీడియో చూసుకుంటూ కాఫీ కోసం వెళ్ళిపోతాడు. పైలట్ రెక్కను మడిచి, గాలి వెళ్ళగొట్టి, సంచిలో కుక్కి, భుజానేసుకుని మళ్ళీ జీపెక్కుతాడు. సీజన్‌లో మంచి రోజు దొరికితే ఇలా ఎన్నిసార్లు ఎక్కితే అన్ని డబ్బులు. గాలి మొరాయించిన రోజున పైసా ఉండదు.

సీజన్ అనే మాటను నగరంలో తేలిగ్గా వాడేస్తాం. బీర్‌లో దానికి చట్టపు గీత ఉంది. వానాకాలంలో జూలై 15 నుంచి సెప్టెంబరు 15 దాకా ఎగరడం నిషేధం. అంటే రెండు నెలలు ఆ ఊరికి పెద్ద ఆదాయం ఉండదు. చలి ముదిరితే మరికొన్ని వారాలు అంతే. అదే రెండు నెలలూ ల్యాప్‌టాప్ పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నవాడి జీతం మాత్రం ఒకటో తేదీన ఠంచనుగా ఖాతాలో పడుతుంది. ఒకే ఊరు, ఒకే వాన. ఒకరికి అది కిటికీలో కనిపించే బొమ్మ, మరొకరికి అప్పు. ఊళ్ళో ఇంటి అద్దె, పాలప్యాకెట్ ధర, టాక్సీ రేటు ఎవరి జేబును బట్టి నిర్ణయమవుతాయో ఊహించడం కష్టం కాదు. ఏ వస్తువు ధరైనా మన చేతికి అందకుండా పోతే ‘కొండెక్కింది’ అంటాం. ఇక్కడ ఆ మాటకు అర్థం వెతుక్కోనక్కర్లేదు. ఢిల్లీ అద్దె బస్సెక్కి నేరుగా కొండ మీదికే వచ్చేసింది.

ఇక ప్రాణాల సంగతి. తెలుగు ఇళ్ళలో హిమాచల్ అనగానే 2014 జూన్ 8 గుర్తుకు రావాలి. మండీ జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నదిలో దిగి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, వాళ్ళ వెంట వచ్చిన టూర్ మనిషి ఒకరు, లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. హెచ్చరించాల్సిన సైరన్లు, కంచెలు, బోర్డుల మీద ఆ తర్వాత కోర్టులు మాట్లాడాయి. 2024 ఫిబ్రవరిలో కులూ దగ్గరి డోభీలో జంట పారాగ్లైడింగ్ చేస్తూ తెలంగాణ యువతి ఒకామె గాలిలోంచి జారిపడి చనిపోయింది. బెల్టు సరిగ్గా బిగించారో లేదో చూడలేదన్న ఆరోపణ మీద పైలట్‌ను అరెస్టు చేశారు. అంతకుముందు బీర్‌లోనే బెంగళూరు బాలుడొకడు మరణిస్తే 2022 జనవరిలో హిమాచల్ హైకోర్టు సాహస క్రీడలను కొంతకాలం నిలిపేసింది. ప్రతిసారీ ఇదే వరస: ప్రమాదం, అరెస్టు, నిషేధం, నిషేధం ఎత్తివేత. పైలట్‌కు లైసెన్సు, గ్లైడరుకు తనిఖీ, సవారీకి బీమా ఉండాలని హిమాచల్ 2004లోనే ఏరో స్పోర్ట్స్ నిబంధనలు పెట్టుకుంది. నిబంధనలకేం కొదవ లేదు. సీజన్‌లో దొరికే మంచి రోజుల్లోనే ఏడాదికి సరిపడా సంపాదించుకోవాల్సిన మనిషిని, గాలి సందేహంగా ఉన్న పూట ‘ఇవాళ వద్దు’ అనగలిగేలా ఏ నిబంధన చేయాలి? భద్రత గురించి మాట్లాడేవాళ్ళు ఈ ప్రశ్న దగ్గరికి రారు. నా దృష్టిలో అసలు భద్రత ఇక్కడే ఉంది. బెల్టు సంగతి తర్వాత.

దీనికి జవాబు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, మన సముద్రం ఒడ్డుకు వస్తే చాలు. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలూ గంగపుత్రుల కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భృతి ఇస్తోంది. 2019 నుంచి కుటుంబానికి పదివేలుగా ఉన్నది 2025లో ఇరవై వేలయింది. అది చాలదని మత్స్యకారులు అంటారు, నిజమే. కానీ ‘ప్రభుత్వం ఆపమంటే ఆపాను, ఆపినందుకు నా పొయ్యి వెలగాలి’ అన్న సూత్రాన్ని అక్కడ ప్రభుత్వం ఒప్పుకుంది. సముద్రం మీద చెల్లిన సూత్రం ఆకాశంలో ఎందుకు చెల్లదు? బీర్, మనాలీ పైలట్లకు, రిషికేశ్ తెప్పల గైడ్లకు, అంతెందుకు, పాపికొండల బోటు సిబ్బందికి కూడా ఇదే లెక్క వర్తించాలి.

భూమి దగ్గరికి వద్దాం. హిమాచల్‌లో 1972 కౌలు, భూసంస్కరణల చట్టంలోని 118వ సెక్షను పేరు ఎత్తితే ఢిల్లీ రియల్ ఎస్టేట్ వాళ్ళు నిట్టూరుస్తారు. ఆ రాష్ట్రంలో సాగుదారు కానివాడు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనలేడు. ఉత్తరాఖండ్‌లో బయటివారికి తొలుత 500 చదరపు మీటర్ల పరిమితి పెట్టి, తర్వాత 250కి కుదించి, 2018లో గేట్లు ఎత్తేసి, జనం ఉద్యమించాక 2025లో హరిద్వార్, ఉధమ్‌సింగ్ నగర్ తప్ప మిగతా 11 జిల్లాల్లో బయటివాళ్ళు వ్యవసాయ, ఉద్యాన భూములు కొనకుండా చట్టం తెచ్చారు. ఇవన్నీ వింటుంటే మనకు 1/70 గుర్తుకు రాకమానదు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతికి భూమి పోకూడదని 1959 నిబంధనకు 1970లో చేసిన సవరణ. దాని బలం 1997 నాటి సుప్రీంకోర్టు సమతా తీర్పులో దేశమంతా చూసింది.

కానీ చట్టం అమ్మకాన్ని ఆపగలదు, అద్దెను ఆపలేదు. పట్టా స్థానికుడి పేరు మీద, బోర్డు హోమ్‌స్టే అని, నడిపేది మాత్రం గురుగ్రామ్ నుంచి వచ్చినవాడు అన్న ఫిర్యాదు హిమాచల్‌లో ఎప్పుడూ వినబడుతుంది. లంబసింగిలో, వంజంగిలో టెంట్ల గురించి మన పాడేరు వైపు వినిపించే ఫిర్యాదూ ఇదే. 2008లో హిమాచల్ హోమ్‌స్టే పథకం పెట్టినప్పుడు ఉద్దేశం చక్కనిది: ఇంట్లో ఖాళీగా ఉన్న గదిని అతిథికిచ్చి, ఇంటావిడ వండిన అన్నమే పెట్టి, నాలుగు డబ్బులు చూసుకోవడం. ఆ ఇంటావిడ ఇప్పుడు అదే ఇంట్లో జీతానికి దుప్పట్లు ఉతుకుతుంటే, ఆ పథకానికి వేరే పేరు పెట్టుకోవాలి. కౌలుకు ఇచ్చుకోవడం ఆమె ఇష్టమే, కాదనలేం. చేతిలో నికరంగా నెలకింత వస్తుంటే వద్దనే స్తోమత ఎందరికుంది? అందుకే దీన్ని లోకల్, నాన్ లోకల్ పోట్లాటగా చూడటం నాకు నచ్చదు. ఆ పోట్లాట మనం చాలా చూశాం, దాని వల్ల అద్దెలు తగ్గినట్టు ఎక్కడా వినలేదు.

నీళ్ళ గురించి ఎక్కువ చెప్పను, తక్కువలోనే భయమేస్తుంది. కొండ ఊళ్ళకు నదులు కింద లోయలో కనిపిస్తాయే గానీ తాగడానికి పనికిరావు. ఊటనీరే ఆధారం. హిమాలయాల్లో ఏడాది పొడుగునా పారే ఊటల్లో దాదాపు సగం ఎండిపోయాయనో, వానాకాలపు ఊటలుగా మిగిలాయనో నీతి ఆయోగ్ 2018లో చెప్పింది. అదే ఏడాది మే నెలలో సిమ్లా జనం బిందెలతో రోడ్డెక్కారు, దయచేసి పర్యాటకులు రావద్దని అక్కడివాళ్ళే వేడుకున్నారు. మునిసిపాలిటీ, ట్యాంకర్లు, పేరు ఉన్న ఊరికే ఆ గతి పడితే పంచాయతీ మాత్రమే ఉన్న పల్లె సంగతి చెప్పాలా?

ఇక్కడ ఢిల్లీవాళ్ళు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: మనకు సొంత కొండ లేదా? ఉంది. రాష్ట్రపతి భవన్ కూర్చున్న రైసినా, ఆరావళి చిట్టచివరి మెట్లలో ఒకటి. అక్కడి బండల్ని పేల్చి చదును చేసి కొత్త రాజధాని కట్టారు. దక్షిణ ఢిల్లీ నుంచి ఫరీదాబాద్, గురుగ్రామ్ దాకా అదే కొండ వరస. ఫరీదాబాద్ జిల్లాలో మాంగర్ పక్కన ‘మాంగర్ బనీ’ అనే అడవి ఉంది. గుదడియా దాస్ బాబా అడవి అది, కొమ్మ విరిస్తే అరిష్టమని అక్కడి గుజ్జర్లు తరతరాలుగా ఎండుపుల్ల కూడా ఇంటికి తెచ్చుకోరు. మన ఊళ్ళ పొలిమేర అమ్మవారి తోపుల్లాంటిదే. ఆ నమ్మకం కాపాడినంత చట్టం కాపాడలేదు. 1992 మే 7న ఆరావళి మీద కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ తర్వాతా గనులు తవ్వారు, ఫామ్‌హౌసులు లేచాయి. ఫరీదాబాద్‌లో అటవీభూమిలో కట్టిన కాంత్ ఎన్‌క్లేవ్‌ను కూల్చమని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కొనుక్కున్నవాళ్ళకు పరిహారం ఇవ్వాలనీ చెప్పింది. 2021లో అదే కొండ మీద కూలీలు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు వేసుకున్న ఖోరీ బస్తీని, సుమారు పదివేల ఇళ్ళను, కరోనా రోజుల్లోనే ఖాళీ చేయించారు. 2025 నవంబరులో వంద మీటర్ల ఎత్తు ఉంటేనే ఆరావళి అన్న నిర్వచనాన్ని ఒప్పుకున్న సర్వోన్నత న్యాయస్థానం, దుమారం రేగాక డిసెంబరు 29న తన ఉత్తర్వును తానే నిలిపి ఉంచింది. పొద్దున్నే వాకింగుకు వెళ్ళదగ్గ దూరంలో ఉన్న కొండను ఇంత నిర్వాకం చేసుకున్న నగరం అయిదువందల కిలోమీటర్ల అవతల ఉన్న కొండను పువ్వుల్లో పెట్టి చూసుకుంటుందని నమ్మమంటే నాకు నమ్మకం కుదరడం లేదు.

అలాగని తలుపులు మూసేయమని అనడం లేదు. బయటినుంచి వచ్చినవాళ్ళ వల్ల కొండ ఊళ్ళకు మేలు జరగలేదనడం అన్యాయం. బడులు పెట్టినవాళ్ళున్నారు, ఊటలు బతికించే పని నెత్తికెత్తుకున్నవాళ్ళున్నారు, ఎండిన ఆప్రికాట్లకూ రాజ్మాకూ మంచి ధర ఇప్పించినవాళ్ళున్నారు. హోమ్‌స్టే డబ్బుతో కూతుర్ని నర్సింగ్ చదివించుకున్న తల్లులున్నారు. బీర్‌లో ఎగరడం లేకపోతే అక్కడి కుర్రాళ్ళు కూడా నోయిడా గేటు దగ్గరే నిలబడేవారు. కాబట్టి రావడం తప్పు కాదు. వచ్చినవాడు ఏ ఖాతాలోనూ పడకపోవడం తప్పు.

కొండ ఊరు ఎవరిది అన్న తగువు సంపన్న దేశాలకూ వచ్చింది. స్విట్జర్లాండ్‌లో 2012 మార్చి 11న జనం ఓటు వేసి, ఏ కమ్యూనులోనైనా సెలవు ఇళ్ళు మొత్తం ఇళ్ళలో అయిదోవంతు దాటకూడదని తీర్పిచ్చారు. బొటాబొటీ మెజారిటీయే, అయినా చట్టమైంది. అమెరికాలో ఆస్పెన్ అని కోటీశ్వరుల స్కీయింగ్ ఊరు ఉంది. చిత్రంగా దాని ఎత్తు కూడా మన బిల్లింగ్ అంతే, 2,400 మీటర్లు. అక్కడ హోటల్లో గిన్నెలు కడిగేవాడు, బడిలో పాఠం చెప్పే టీచరు ఊళ్ళో ఉండలేని స్థితి వస్తే, స్థానిక ప్రభుత్వమే 1970ల నుంచి పనివాళ్ళ కోసం ఇళ్ళు కట్టిస్తూ, కొని ఉంచుతూ వచ్చింది. అక్కడ పనిచేస్తున్నామని రుజువు చూపినవాళ్ళకే ఆ ఇళ్ళు. కొండ ఊళ్ళో పనిచేసేవాడు కొండ ఊళ్ళో ఉండగలగాలి అన్నదే రెండుచోట్లా సూత్రం. అంతకు మించిన ఆదర్శాలేమీ లేవు. మంచు మీద జారే ఆటకు కూడా పొద్దున్నే ఎవరో లేచి దారి శుభ్రం చేయాలని వాళ్ళకు అర్థమైంది.

మనవాళ్ళు చేయగలిగినదీ పెద్ద కష్టమైన పనేమీ కాదు. నెలకు మించి ఉండే బయటివాళ్ళ పేర్లు పంచాయతీ దగ్గర నమోదు కావాలి, పోలీసు నిఘా కోసం కాదు, నీళ్ళకూ చెత్తకూ వాళ్ళు వాడుకున్నదానికి రుసుము కట్టడానికి. ఆ రుసుము సిమ్లాకో డెహ్రాడూన్‌కో పోకుండా ఆ పంచాయతీ ఖాతాలోనే పడాలి. బీర్-బిల్లింగ్‌కు ప్రత్యేక ప్రాంత అభివృద్ధి సంస్థ ఉంది. అది ఇచ్చే కట్టడాల అనుమతుల్లో కొంత భాగం ఊళ్ళో పనిచేసేవాళ్ళు నెలసరి అద్దెకు ఉండే గదులకు తప్పనిసరి చేయొచ్చు. నిషేధకాలపు భృతి సంగతి ముందే చెప్పాను. తమ ఉద్యోగిని కొండ మీదికి పంపి, ఢిల్లీలో ఆఫీసు అద్దె, కరెంటు, ఏసీ ఖర్చు మిగుల్చుకుంటున్న కంపెనీలు ఆ ఆదాలో పిసరంతైనా ఆ ఊరికి బాకీ ఉన్నాయి. సీఎస్ఆర్ నిధులకు దారులు వెతుక్కునే పెద్ద కంపెనీలకు ఇంతకంటే దగ్గరి దారి లేదు.

వీటన్నిటికంటే ముందు లెక్క తేలాలి. పంచాయతీలకు వచ్చే నిధులు, రేషను, ఆసుపత్రిలో డాక్టరు పోస్టులు, తాగునీటి పథకాలు అన్నీ తల లెక్క మీదే నడుస్తాయి. ఇప్పటిదాకా వాడుతున్నది 2011 నాటి లెక్క, అంటే బీర్‌కు ప్రపంచ కప్ రాకముందుది, ల్యాప్‌టాప్‌లు కొండెక్కకముందుది. వచ్చే జనగణనకు లద్దాఖ్‌కూ, జమ్మూకశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్‌లలో మంచు కప్పే ప్రాంతాలకూ 2026 అక్టోబరు 1, మిగతా దేశానికంతటికీ 2027 మార్చి 1 ప్రామాణిక తేదీలుగా పెట్టారు. ఏడాదిలో ఎక్కువ రోజులు కొండ మీద ఉంటూ, అక్కడి నీళ్ళు తాగుతూ, అక్కడి దారుల్లో తిరుగుతున్న తెలుగు పిల్లలకు నా మనవి ఒక్కటే: లెక్కలవాళ్ళు వచ్చినప్పుడు అక్కడే ఉండండి, అక్కడే పేరు రాయించుకోండి. ఇప్పుడున్న తీరులో మా అపార్ట్‌మెంటు రిజిస్టరు చూస్తే తెనాలి కుర్రాడిదీ అల్మోడా గార్డుదీ చిరునామా ఒకటే, నోయిడా.